వదులైన మంచము, విరిగిన కుర్చీ: ఇంటిలోనే బాగుచేసికొను విధము

ఎద్దు కుంటినచో ఆనాడే పశువైద్యుని వెదకుదుము. నాగలి కఱ్ఱు మొండివడినచో మరునాటి ప్రొద్దుటికి కొలిమి చేర్చుదుము. మంచపు కోడు కదలినప్పుడు మాత్రము దాని క్రింద నొక యిటుక ముక్కను తోసి యూరకుందుము. కుర్చీ కాలు ఊగినచో గోడకు చేరవేసి కూర్చుందుము. ఇట్లు ఒక యేడు గడచును, రెండేండ్లు గడచును. తుదకు ఒకనాడు ముసలివారో, బాలింతయో కూర్చుండగా అది విరిగిపోవును. అప్పుడు క్రొత్తది కొనుటకు అప్పు వెదకుట మొదలగును.

నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలలో మేము తిరుగునప్పుడు ఇట్టి సామాను కనబడని యిల్లు అరుదు. 2016వ సంవత్సరములో ఈ రెండు జిల్లాలు పలు చిన్న జిల్లాలుగా విడిపోయినను, ఎండయు వానయు అంతటను ఒక్కటియే. కొయ్యకు వచ్చు రోగములును ఒక్కటియే. ఆ రోగములలో పెక్కింటికి మందు మన చేతిలోనే యున్నదని చూపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము చేసిన తప్పు

తన తప్పు చెప్పుకొని పిమ్మట ఇతరులకు బుద్ధి చెప్పుట న్యాయము. మేము మిషను పాఠశాల చదువు ముగించి, క్రొత్తగా ఉద్యోగములో చేరిన దినములలో, మా తండ్రిగారు కూర్చుండు తుమ్మ కుర్చీ కీళ్లు వదులయ్యెను. పాఠశాలలో కొంత వడ్రంగపు పని నేర్చితిమి గనుక మాకు అంతయు తెలియునని తలచి, కీలుకొక యినుప మేకు చొప్పున దిగగొట్టితిమి. కుర్చీ బండవలె నిలిచెను. ఇంటివారందరు మెచ్చుకొనిరి. రెండు వానకాలములు గడచినవి. మూడవ యేటి వేసవిలో వెనుక కాలు మేకు దిగిన చోటనే నిలువున చీలి, తండ్రిగారు వెల్లకిల పడిరి. తుంటికి దెబ్బ తగిలి మూడు నెలలు మంచము దిగలేదు. ఆ యేడు విత్తనములు వేయునప్పుడు ఆయన చేను చూడలేదు.

విరిగిన కాలును మా యూరి వడ్ల పెద్దాయన చేతికిచ్చితిమి. ఆయన చీలికను చూచి, మేకుచుట్టు నల్లబడిన కొయ్యను గోటితో గీకి, "బిడ్డా, ఇనుము బిగువు సూసినవు గని, కట్టె పానం సూడలే" అనెను. కోపముతో అనలేదు. మేము ఇప్పుడు చెప్పబోవునదంతయు ఆ యొక్క మాటకు వివరణమే.

కొయ్య యెందుకు వదులగును

చెట్టును నరికి ఎన్ని యేండ్లైనను కొయ్య గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు ఉండును. తేమ పీల్చినపుడు ఉబ్బును, విడిచినపుడు కుంచించుకొనును. అయితే ఈ మార్పు అన్ని వైపుల సమానముగా ఉండదు. నారవెంట, అనగా నిడివిలో, మార్పు లేదనియే చెప్పవచ్చును. నారకు అడ్డముగా, అనగా వెడల్పులోను మందములోను, అది యెక్కువ. మేలైన టేకు సైతము పచ్చిగా నున్నప్పటినుండి పూర్తిగా ఎండువరకు ఒక వైపున నూటికి సుమారు రెండున్నర పాళ్లును, వేరొక వైపున అయిదారు పాళ్లును తగ్గును. తక్కిన కొయ్యలు పెక్కు ఇంతకంటె ఎక్కువగ తగ్గును.

మన సీమలో వేసవి యెండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అప్పుడు గాలిలో తేమ యుండదు. మృగశిర కార్తెలో వాన దిగినంతనే గాలి మారును. ఈ రెండింటి నడుమ మంచపు పట్టె యేటేట ఒకసారి సన్నబడి, ఒకసారి లావగును. ఇట్లు పలుమార్లు జరుగగా కీలులో సందు ఏర్పడును.

ఇనుప మేకు ఉబ్బదు, కుంచించుకొనదు. కొయ్య దానిచుట్టు కదలలేక చీలును. అదియును గాక, తుమ్మ, మద్ది వంటి కొయ్యలలో వగరు పదార్థము కలదు. తుమ్మ చెక్కతో తోళ్లు పదును పెట్టుట ఆ వగరు వలననే. తేమ తగిలినపుడు ఆ వగరును ఇనుమును కలిసి కొయ్య నల్లబడును. మేకు త్రుప్పుపట్టి రంధ్రము పెద్దదగును. మా కుర్చీ కాలు చీలుటకు కారణ మిదియే.

ముందుగా పరీక్ష

ఏ సామాను చెడినను సుత్తి పట్టుకొనుటకు ముందు మూడు సంగతులు చూడవలెను. మొదటిది, కీలు వదులైనదా లేక కొయ్యయే విరిగినదా యనునది. రెండవది, పురుగు పట్టినదా యనునది. మూడవది, సామాను నిలుచు చోట తేమ యున్నదా యనునది. కారణము తెలియక చేసిన మరమ్మతు ఒక యేడు కూడ నిలువదు.

నులక మంచమునకు మరియొక కారణము కూడ కలదు. నారత్రాడు తడిసినపుడు బిగుసుకొని పట్టెలను లోపలికి లాగును. వానలో తడిసిన మంచమును అట్లే యెండబెట్టినచో కీళ్లు నాలుగును కదలును. కావున మంచమును బాగుచేయుటకు ముందు కాళ్లవైపు త్రాడు విప్పి నులకను వదులు చేయవలెను. నులక బిగిసియుండగా కీలు సరిచేయుట వృథా శ్రమ.

వదులైన కీలు

పట్టె కొనను సన్నగా చెక్కి కోడు రంధ్రములో దూర్చు భాగమునకు కుసె యని పేరు. వదులైన కీలులో సాధారణముగా కుసెయే సన్నబడి యుండును. కోడును కొయ్యసుత్తితో మెల్లగా తట్టి కీలును విడదీయుడు. ఇనుప సుత్తియైనచో నడుమ నొక చెక్కముక్క నుంచి కొట్టవలెను. కుసెమీదను రంధ్రములోను ఉన్న పాత బంకను, మట్టిని ఉలితో గీకి తీసివేయుడు. పాత బంకమీద క్రొత్త బంక అంటదు. అయితే కొయ్యను మాత్రము చెక్కరాదు. చెక్కినచో సందు ఇంకను పెరుగును.

పిమ్మట చిత్రిక పట్టునప్పుడు రాలు పలుచని కొయ్యపొరను తీసికొని, కుసె ప్రక్కలకు బంకతో అంటించి ఆరనిండు. పొర నార కుసె నార వెంటనే యుండవలెను. ఆరిన తరువాత కుసెను రంధ్రములో పెట్టి చూడుడు. చేతితో నొక్కగా సగము పోయి, కొయ్యసుత్తి తట్టుతో తక్కినది పోవునట్లుండవలెను. సుత్తితో బలముగా కొట్టవలసివచ్చినచో రంధ్రము చీలును; అట్టియెడ గరుకు కాగితముతో రుద్ది తగ్గింపుడు.

సరిపోయిన తరువాత కుసెకును రంధ్రమునకును బంక పూసి బిగింపుడు. వడ్రంగికి బిగింపు పనిముట్లుండును. రైతునకు త్రాడు చాలును. మంచము చుట్టు నాలుగు కోళ్లను కలిపి త్రాటిని రెండు చుట్లు త్రిప్పి, త్రాళ్ల నడుమ నొక కఱ్ఱను దూర్చి మెలిపెట్టినచో కావలసినంత బిగువు వచ్చును. త్రాటిక్రింద గుడ్డముక్కల నుంచినచో కొయ్యకు ఒరపు తగులదు. అప్పుడు ఒక మూలనుండి ఎదుటి మూలకు త్రాటితో కొలచి, రెండవ జత మూలలను కూడ కొలువుడు. రెండు కొలతలు సమానమైనచో మంచము సరిగా నున్నది. తేడా యున్నచో పొడవైన వైపును నొక్కి సరిచేసి, ఒక పగలు ఒక రాత్రి కదల్పక ఉంచవలెను.

కీలునకు ఇంకను బలము కావలెనన్నచో కోడునుండి కుసెవరకు బర్మాతో తొలిచి, చేవగల కొయ్యతో చేసిన చీలను దిగగొట్టవచ్చును. కొయ్యచీల కొయ్యతో పాటు ఉబ్బును, కుంచించుకొనును. మేకునకును చీలకును గల భేద మిదియే.

ఈ పనికి రోహిణి కార్తె మంచి కాలము. అప్పుడు పట్టె మిక్కిలి యెండియుండును గనుక, వేసవిలో బిగించిన కుసె వానలకు ఉబ్బి మరింత బిగియును. వానకాలమున బిగించినది వేసవికి వదులగును. పెట్టె మూతలకును తలుపు పలకలకును మాత్రము ఇందుకు విరుద్ధము: వేసవిలో బిగించు పలక అంచులయందు కొంచెము సందు విడువకున్నచో వానలకు ఉబ్బి వంగును.

బంకల సంగతి

పూర్వము వడ్రంగులు వాడిన సరేసు పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి చేయునది. దానిని చల్లని నీటిలో నానబెట్టి, ఆ గిన్నెను వేడినీటి గిన్నెలో నిలిపి కరిగింపవలెను. నేరుగా పొయ్యిమీద పెట్టి మరిగించినచో బలము పోవును. వేడినీరు తగిలినచో సరేసు విడిపోవును గనుక మరల బాగుచేయుట సులభము. 1959లో ఫెవికాలు బజారునకు వచ్చినప్పటినుండి తెల్ల బంక ప్రతి పల్లెకును చేరినది. దానిని వేడిచేయ నక్కర లేదు. కాని ఆరువరకు బిగించి యుంచవలెను, పూర్తి బలము వచ్చుటకు ఒక దినము పట్టును. సాధారణపు తెల్ల బంక నీటికి నిలువదు. ఆరుబయట ఉంచు సామానునకు, నీటికి నిలుచునదని డబ్బాపై వ్రాసియున్న రకమునే అడిగి తీసికొనవలెను.

రంపపు పొట్టును బంకతో కలిపి పగుళ్లు పూడ్చుట మంచిదే. అది చూపునకు మాత్రమే. బరువు మోయు కీలును పొట్టుతో నింపి బాగైనదని తలపరాదు.

చీలినదియు విరిగినదియు

కోడు నిలువున చీలినచో అదృష్టమే యనుకొనవలెను. చీలికలోనికి మట్టి పోకముందే, కత్తి మొనతో కొంచెము తెరచి, బంకను లోతుగా చొప్పించి, గుడ్డచుట్టి త్రాటితో బిగించినచో అది మరల ఒక్కటి యగును. నారవెంట అతికిన అతుకు కొయ్యంత బలము కలదగును.

అడ్డముగా విరిగిన కాలును కొనకు కొన అతికినచో నిలువదు. రెండు ముక్కలను ఏటవాలుగా కోసి, వాలును వాలుపై ఉంచి అతుకవలెను. కాలు మందమునకు ఎనిమిది రెట్లు వాలు పొడవుండుట మేలు. అనగా అంగుళపు మందమునకు ఎనిమిదంగుళములు. ఇంత పొడవు దొరకనిచోటను, విరుగుడు కుసె రంధ్రమువద్దనే యున్నచోటను, క్రొత్త కాలు వేయించుటయే మంచిది. మనుష్యుని బరువు మోయుదానిని ఇంట అతికి ధైర్యపడరాదు. అతికిన కుర్చీపై మొదట ధాన్యపు బస్తా నొక దినముంచి చూచి, పిమ్మట మనుష్యులు కూర్చుండవలెను.

పురుగు పట్టినప్పుడు

చెదలు వేరు, పుచ్చు పురుగు వేరు. చెదలు నేలనుండి మట్టిగొట్టములు కట్టుకొని వచ్చును. లోపల తిని పైపొరను విడుచును. పుచ్చు పురుగు గుండుసూది తలవంటి రంధ్రములు చేసి, గోధుమపిండివంటి పొడిని రాల్చును. ఇది చెట్టు నడుమనున్న చేవను ముట్టక, వెలుపలి తెల్ల చెక్కను తినును. ఆ తెల్ల చెక్కలో పిండిపదార్థ ముండుటయే కారణము. మన పెద్దలు తుమ్మ దుంగలను చెరువులో నానవేసి పిమ్మట పనికి వాడుట ఈ పదార్థమును కడిగివేయుటకే.

చెదలకు మొదటి మందు తేమను తొలగించుట. పెట్టెలను మట్టినేలపై గోడకానించి ఉంచక, కాళ్లక్రింద బండముక్కల నుంచి, గోడకు జానెడు దూరము నిలుపుడు. ఆ సందున గొట్టము కనబడిననాడే గీకివేయవచ్చును.

ఈ మాట పాలమూరు కుటుంబములకు ముఖ్యముగా చెప్పవలసియున్నది. కోతలు కాగానే ఇల్లు తాళమువేసి కూలిపనికి దూరదేశములు పోయి, తొలకరికి తిరిగివచ్చువారు ఎందరో కలరు. వారు లేని ఆరు నెలలలో చెదలకు అడ్డు చెప్పువారుండరు. భోషాణములో పట్టాపుస్తకము, చదువుల సర్టిఫికెట్లు, పెండ్లిచీర ఉండును. పోవుటకు ముందు పెట్టెను నేలనుండి లేపి బండలపై నిలుపుట, కాగితములను ఇనుపపెట్టెలోనికి మార్చుట, పొరుగువారిని నెలకొకసారి తలుపు తీసి చూడుమని కోరుట యను ఈ మూడు పనులకు పైస ఖర్చు లేదు.

పుచ్చు పట్టిన కొయ్యకు, రంగు లేని పచ్చి ముఖముపై, లీటరు వేడినీటిలో 30 గ్రాముల వెలిగారము, 20 గ్రాముల బోరికు ఆమ్లము కరిగించి రెండు మూడు పూతలు పూయవచ్చును. వానకు తడియు సామానునుండి ఇది కడుగుకొని పోవును; ఇంటిలోని వాటికే తగును. పిల్లలకు అందనీయరాదు, తిండి వస్తువులుంచు పెట్టెలకు వాడరాదు. మంచపు సందులలోని నల్లులకు సలసల కాగు నీరే చాలును; పోసిన తరువాత నీడలో పూర్తిగా ఆరనీయుడు.

ఒక మాట గట్టిగా చెప్పుచున్నాము. ప్రత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందును మంచముపై చల్లు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. ఇది ప్రాణాంతకము. ఆ మందులు చర్మముగుండను, ఊపిరిగుండను ఒంటిలోనికి దిగును. ఆ మంచముపై పసిబిడ్డ పండుకొనును. 2011లో సుప్రీముకోర్టు నిషేధించిన ఎండోసల్ఫాను వంటి మందుల పాత డబ్బాలు అటకలపై ఉన్నచో వాటిని ముట్టక, వ్యవసాయాధికారికి తెలుపవలెను.

నీట మునిగినప్పుడు

2009 అక్టోబరు మొదటి వారమున తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపురమును, రాజోలిని ముంచిన సంగతి ఆ సీమవా రెవ్వరును మరువరు. అట్టి ఆపదలో మునిగిన కొయ్యసామానును వెంటనే మండుటెండలో పెట్టుట పెద్ద తప్పు. పైభాగము ముందుగా ఎండి కుంచించుకొని, తడిసిన లోభాగము అడ్డుపడగా పగుళ్లు విచ్చును. మొదట బురదను మంచినీటితో కడిగి, సొరుగులను తలుపులను విప్పి, గాలి తగులు నీడలో, ముక్కకు ముక్కకు నడుమ పుల్లలుంచి పేర్చవలెను. వంగునని తోచిన పలకలపై బరువుంచవలెను. వారములు పట్టినను తొందరపడరాదు. పూర్తిగా ఆరిన తరువాతనే కీళ్లు బిగింపవలెను.

నూనె పూత

మనది ఆముదపు పంట సీమ గనుక కొయ్యకు ఆముదము పూయుట సహజమైనది. బండి యిరుసునకు అది మంచిది, కుర్చీకి కాదు. ఆముదము గాలికి ఆరి గట్టిపడదు. జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టును, బట్టలకు అంటును. అవిసెనూనె గాలికి గట్టిపడి పొరగా నిలుచును. గరుకు కాగితముతో నారవెంట రుద్ది, అవిసెనూనెను గుడ్డతో పలుచగా పూసి, కొంతసేపటికి మిగిలినదానిని తుడిచివేసి, కొన్ని దినములకు రెండవ పూత వేయవలెను.

ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. అవిసెనూనె ఆరునపుడు వేడి పుట్టి, నిప్పు తగులకయే గుడ్డ రగులవచ్చును. గడ్డివాము ప్రక్కనున్న ఇండ్లలో దీని ఫలమును వేరుగా చెప్ప నక్కర లేదు. గుడ్డను విప్పి ఆరుబయట పరచి ఆరనీయవలెను, లేదా నీటిలో ముంచి ఉంచవలెను.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క యింట రంపము, ఉలి, చిత్రిక, బర్మా కొనుట దండుగ. సంఘము ఒక పనిముట్ల పెట్టెను కొని, సభ్యులకు పుస్తకములో వ్రాసికొని ఎరువిచ్చినచో ఊరంతటికి చాలును. కొయ్యకై అడవికి పోరాదు. నల్లమలలోని అమ్రాబాదు ప్రాంతము పులుల రక్షణకై కేటాయింపబడినది. అచట కొయ్య నరకుట నేరము. సొంత గట్టుపై వేపను, తుమ్మను నరకుటకైనను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి కావలెనేమో ముందుగా విచారింపవలెను. విరిగిన పాత సామానులోని చేవకొయ్యయే మరమ్మతునకు అన్నింటికంటె మేలు. అది ఏండ్లతరబడి ఎండియున్నది.

వడ్ల కుటుంబముల మాటయు మరువరాదు. కళ్లములో మేర కొలిచి యిచ్చిన దినములలో వారు నాగలితోపాటు మంచమును కూడ చూచి పోయెడివారు. ట్రాక్టరు వచ్చిన పిమ్మట నాగలి పని తగ్గి, పలువురు పట్టణములు చేరిరి. మిగిలినవారిని సంఘము వేసవిలో ఒక దినము పిలిపించి, తగిన కూలి యిచ్చి, సభ్యులకు కీలు బిగించు పని చూపించినచో వారికిని గౌరవము, మనకును విద్య.

మా తండ్రిగారి కుర్చీని ఆ పెద్దాయన ఒక పూటలో బాగుచేసెను. మేకులు నాలుగును పీకి మా చేతిలో పెట్టి, వెనుక కాలు క్రొత్తది వేసి, కొయ్యచీలలతో బిగించెను. తండ్రిగారు తరువాత తొమ్మిదేండ్లు దానిమీదనే కూర్చుండిరి. ఇప్పుడు మేము కూర్చుండుచున్నాము. రోహిణి కార్తె రాకముందే మీ యింటి మంచమును ఒకసారి పట్టుకొని కదల్చి చూడుడు. కదలినచో ఇటుకముక్క వెదకకుడు.